పశువుల డాక్టరు జీపు

మెకానిక్ వచ్చేసరికి డిటెక్టివ్ ఆఫీసు తలుపులు ఇంకా పూర్తిగా తెరవలేదు. సగం తెరిచిన తలుపులోంచే ఒదిగి లోపలికి వచ్చి, చూపించిన కుర్చీలో కూర్చోకుండా దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. గోళ్ల సందుల్లో గ్రీజు. ముఖాన నెత్తుటి చుక్క లేదు.

"నేనొక మనిషిని చంపబోయానో లేదో మీరే తేల్చి చెప్పాలమ్మా," అన్నాడు. "చేసింది నేనే అయితే సాయంత్రం నా కాళ్లతో నేనే స్టేషనుకి పోతాను. కాకపోతే అదీ నాకు తెలియాలి."

కిటికీలు తెరుస్తున్న మేనల్లుడు ఆగిపోయాడు. అత్త దగ్గర అసిస్టెంటుగా చేరిన దగ్గర్నుంచి అతను రకరకాల మనుషుల్ని చూశాడు. నేను చేయలేదు మొర్రో అని వచ్చేవాళ్లే అందరూ. చేశానో లేదో తెలియక వచ్చినవాడు ఇతనొక్కడే. మేనల్లుడికి ఎక్కడలేని ఆసక్తి పుట్టింది. అంత కష్టంలో ఉన్న మనిషిని చూసి ఆసక్తి పుట్టినందుకు ఆ వెంటనే సిగ్గూ వేసింది.

డిటెక్టివ్ పొట్టి మనిషి, వయసు అరవైకి దగ్గర. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక బీమా కంపెనీ తరఫున ప్రమాదాల్లో నుజ్జయిన బండ్లను పరీక్షించేది. అది మానేశాక సొంతంగా ఈ ఆఫీసు పెట్టుకుంది. బండి అబద్ధం చెప్పదు, దాని పక్కన నిలబడ్డవాళ్లే చెబుతారు అన్నది ఆవిడ తరచూ అనే మాట. ఆ మాట ఎన్నిసార్లు విన్నా మేనల్లుడికి కొత్తగానే ఉండేది.

"ముందు కూర్చోండి," అందావిడ. "మొదటినుంచి చెప్పండి. తొందర పడొద్దు."

మెకానిక్ చెప్పింది ఇది. ఊళ్లో అందరికీ తెలిసిన పశువుల డాక్టరుకు ఒక పాత జీపు ఉంది. కొండ మీది పశువుల కొట్టాలకు ఇంకే బండీ ఎక్కలేని దారుల్లో ఆయన అందులోనే తిరుగుతాడు. దాని ఛాసిస్‌ని తుప్పు తినేసింది, బరువు మోసే కమాన్ పట్టీలు కుంగిపోయాయి. మెకానిక్ ఆ జీపును షెడ్డులో పెట్టుకుని, తుప్పు పట్టినంత మేరా కోసేసి కొత్త రేకు అతికాడు. పాత కమాన్లు తీసి దళసరివి, ఎత్తయినవి వేశాడు. షాకబ్జర్లు మార్చాడు. అంతా అయ్యాక మళ్లీ తుప్పు పట్టకుండా అడుగంతా మైనం కలిపిన నూనె స్ప్రే చేశాడు. డాక్టరు వచ్చి చూసి, ఇంకో పదేళ్లు నాకు తిరుగులేదయ్యా అని భుజం తట్టి వెళ్లాడు.

జీపు ఇల్లు చేరిన మర్నాడు కాక ఆ పై రోజు తెల్లవారుజామునే కొండ మలుపులో అది పక్కకు లాగేసి గుంటలో పడింది. డాక్టరు కాళ్లు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. పోలీసులు జీపు కింద చూస్తే ముందు ఎడమ కమానుని పట్టి ఉంచే బోల్టు రెండు ముక్కలై ఉంది. కొత్త బోల్టుల మధ్య అదొక్కటే పాతది, తుప్పు పట్టి సగం అరిగిపోయినది.

"కొత్తది వేశాననే అనుకుంటున్నా," అన్నాడు మెకానిక్. "కానీ ఆ రోజు నా పక్కనే కిరసనాయిలు తట్టలో పాత బోల్టులూ ఉన్నాయి. చేతికందింది తోసేశానేమో. కళ్లు మూసుకుని ఆ బోల్టు మళ్లీ మళ్లీ బిగించి చూసుకుంటున్నానమ్మా. ఒకసారి కొత్తది కనిపిస్తుంది. ఇంకోసారి పాతది కనిపిస్తుంది. నాకు పిచ్చెక్కుతోంది."

మేనల్లుడు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. మిగతాది నెమ్మదిగా బయటికొచ్చింది. డాక్టరు కూతురు షెడ్డు ముందుకొచ్చి, వీధి వీధంతా వింటుండగా హంతకుడని కేకలేసింది. అప్పటినుంచీ మెకానిక్ భార్య గడప దాటలేదు. సాయంత్రం వాహనాల శాఖ అధికారి వచ్చి జీపు చూస్తాడు. ఆయన ఊ అంటే అరెస్టే.

"ఆ అమ్మాయిని అనడానికీ లేదు," అన్నాడు మెకానిక్. "జీపు నా దగ్గరుండగానే వచ్చి చెప్పింది. ఛాసిస్ పోయింది, ఇక బాగుపడదని నాన్నకి చెప్పేయండి అని బతిమాలింది. నేనే వినలేదు. ఎలాంటి బండినైనా లేపి నిలబెడతానని నాకొక పొగరు."

డిటెక్టివ్ మాట మార్చింది. తీసేసిన పాత సామాను ఏం చేస్తారని అడిగింది. గోనెసంచిలో కట్టి అదే బండిలో పెట్టి పంపేస్తామని, మార్చినవి కళ్లకు చూపించకపోతే మార్చినట్టు ఎవరూ నమ్మరని, తమ పనిలో అందరూ అంతేనని అతను చెప్పాడు. జీపు ఇంటికి తీసుకెళ్లిన డాక్టరుగారి కాంపౌండరు చేతికే సంచి ఇచ్చాడట.

"బోల్టు ఎలా బిగిస్తారు? నాకేమీ తెలియదనుకుని చెప్పండి."

పని గురించి అడిగేసరికి అతని ముఖంలోకి కాస్త ప్రాణం వచ్చింది. కొత్త కమాన్లకు చివర్లలో బోల్టు దూరే రబ్బరు బుష్షులుంటాయి. బండి జాకీ మీద వేలాడుతుండగా బోల్టు చేత్తో తిప్పి వదిలేయాలి. బండిని కిందికి దించి, తన బరువు మీద తను నిలబడ్డాక, వీలైతే మనిషిని కూడా ఎక్కించి, అప్పుడే గట్టిగా బిగించాలి. ఆ రోజు కాంపౌండరునే ఎక్కించి కూర్చోబెట్టాడు.

"వేలాడుతుండగా బిగిస్తే?"

"బండి దించగానే రబ్బరు మెలిపడుతుందమ్మా. నాలుగు రోజుల్లో చిరిగిపోద్ది. రబ్బరుది ఒకటే గుణం. ఎక్కడ బిగిస్తే అదే నా ఇల్లు అనుకుంటుంది."

"పాత కమాన్లకీ అంతేనా?"

"వాటికి ఇత్తడి బుష్షులు. గ్రీజు కొట్టి ఎలా బిగించినా గిర్రున తిరుగుతాయి."

డిటెక్టివ్ లేచి చెప్పులు వేసుకుంది. "పద అల్లుడూ," అంది.

*

స్టేషన్ ఆవరణలో చోటు లేక జీపును క్రేనుతో తెచ్చి మెకానిక్ షెడ్డులోనే దింపారు. చుట్టూ తాడు కట్టి ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టారు. తన షెడ్డులో తన చేతి పని పడి ఉంటే దగ్గరికి పోవడానికి మెకానిక్‌కి హక్కు లేదు. అతను తాడు అవతలే నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టరుకు డిటెక్టివ్ బాగా తెలుసు. చూసుకోండిగానీ ఏదీ తాకకండి అన్నాడు. ఆవిడ ఒక గోనెపట్టా పరుచుకుని, ఈ వయసులో నీకిదేం పని అని ఎవరైనా అంటారేమోనన్న జంకు లేకుండా జీపు కిందికి దూరింది. మేనల్లుడు టార్చి పట్టుకున్నాడు.

అడుగు భాగమంతా తేనె రంగు మైనం పూత. అతుకుల మీద, కమాన్ల మీద, నట్ల మీద, బోల్టు తలల మీద, అన్నిటి మీదా పల్చగా మెరుస్తోంది. ఆవిడ ఒక్కో బోల్టు దగ్గరా ఆగి చూసింది. తర్వాత బయటికి వచ్చి, ఇన్‌స్పెక్టరు దగ్గర కవరులో ఉన్న విరిగిన బోల్టు చూపించమంది. దాని తల పొడిగా ఉంది. గరుకు తుప్పు తప్ప దాని మీద ఇంకేమీ లేదు.

"అంతా తేలిపోయినట్టేగా మేడమ్?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"సాయంత్రం దాకా ఆగండి," అందావిడ. "ఆయన్ని ఎక్కడికీ పోనివ్వకండి. మీరూ ఎక్కడికీ తీసుకుపోకండి."

దారిలో మేనల్లుడు ఉండబట్టలేక మైనం సంగతి ఎత్తాడు. బోల్టు మీద మైనం లేదంటే అది స్ప్రే అయ్యాక వచ్చి చేరిందన్నమాట, మెకానిక్ బయటపడ్డట్టే కదా అన్నాడు. స్ప్రే అయ్యాక అతనే మార్చి ఉండకూడదా అని అత్త ఎదురడిగింది. నువ్వు ఆలోచించిన మాట మాత్రం బాగుందిలే అని ఆవిడ అన్నాక మేనల్లుడు కొంచెం తేరుకున్నాడు.

*

డాక్టరు కూతురు కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆసుపత్రి నుంచి బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వచ్చి, వీళ్ల కోసం ముందుగదిలో కూర్చుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. ఆ అమ్మాయిని చూడగానే మేనల్లుడికి గుండె కరిగిపోయింది.

ఆమె చెప్పినదాంట్లో తడబాటేమీ లేదు. తల్లి పోయాక తండ్రికి తనే, తనకు తండ్రే. ప్రమాదం ముందురోజు సాయంత్రం మేనమామ వచ్చాడు. ఆయనకు కొండ మీద పెద్ద డెయిరీ ఉంది. మందలో జబ్బు ఉందని, పాల అమ్మకం ఆపాలని నాన్న పట్టుబట్టడంతో ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. తెల్లవారుజామున మామయ్య దగ్గర్నుంచే ఫోన్ వచ్చింది, ఆవు ఈనలేక చచ్చిపోతోందని. నాన్న వెళ్లిపోయాడు. తను అప్పటికి నిద్రలో ఉంది. తర్వాత దారినపోయేవాళ్లెవరో ఫోన్ చేస్తే పరిగెత్తింది.

"మెకానిక్ పాత సామాను తిరిగి పంపాడా?" అని డిటెక్టివ్ అడిగింది.

"పంపితే ఇంట్లో ఉండేవి కదండీ. పంపలేదు. వాటినే మళ్లీ వేసుంటాడు."

గోడ మీద ఒక ఫొటో ఉంది. జీపు చక్రాల మధ్య నుంచి ఏడెనిమిదేళ్ల పిల్ల తల బయటపెట్టి నవ్వుతోంది. ముక్కు మీద గ్రీజు, చేతిలో తన మోచేయంత పానా. డిటెక్టివ్ దాని ముందు కాసేపు నిలబడింది. ఆ జీపంటే మీకు చాలా ఇష్టమనుకుంటా అంది.

"అప్పుడు," అంది కూతురు. "ఇప్పుడు దాని చప్పుడు వింటేనే నాకు వణుకు. ఈ వయసులో ఆ కొండలు ఎక్కొద్దని ఎన్నిసార్లు చెప్పానో. ఆ తుప్పే దాన్ని తినేస్తుంది, అంతవరకు ఓపిక పడదాం అనుకున్నాను."

ఇంటి వెనక జీపు నిలిపే గది చూడొచ్చా అని అడిగితే చూడమంది. గదిలో బల్ల మీద పానాలు, ఒక జాకీ, గ్రీజు డబ్బా. సిమెంటు గచ్చు మీద ఒక మూల అడుగు వెడల్పున గుండ్రంగా ఎర్రటి మరక ఉంది. డిటెక్టివ్ వేలితో రాసింది. వేలికి తుప్పు పొడి అంటింది. ఆవిడ వేలు తుడుచుకుంది.

కాంపౌండరు పక్క వీధిలోనే ఉంటాడు. నోరు తెరిస్తే మూయని మనిషి. ఆ తెల్లవారు తనని పిలవకుండా డాక్టరుగారు ఒక్కరే వెళ్లిపోయారని, పిలిచుంటే తనూ గుంటలో ఉండేవాడినని గుండెలు బాదుకున్నాడు. మెకానిక్ తనని జీపులో బియ్యం బస్తాలా కూర్చోబెట్టి కదలనివ్వకుండా బోల్టులు బిగించాడట. ఆ రబ్బరు పురాణమంతా తన చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాడట. పాత సామాను సంచి మోసి వెనక గదిలో మూలన పెట్టింది కూడా తనే. నడుం ఇప్పటికీ నొప్పేనన్నాడు.

"ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు అత్తా," అన్నాడు మేనల్లుడు బయటికి వచ్చాక. అన్నాడేగానీ, అబద్ధమాడేది కాంపౌండరు కావాలని అతని మనసు కోరుకుంటోంది.

*

మేనమామ ఆసుపత్రి వసారాలో దొరికాడు. ఆవు చచ్చిపోయిందని ముందు దాని గురించే ఏడ్చాడు. తర్వాత బావ గుర్తొచ్చి ఆయన కోసమూ ఏడ్చాడు. గొడవ నిజమేనన్నాడు. ఇద్దరం నోరు జారామనీ ఒప్పుకున్నాడు.

"మా మేనకోడలే లేకపోతే బావ దక్కేవాడు కాదు," అన్నాడు. "చప్పుడు విని మావాళ్లు కొట్టంలోంచి పరిగెత్తుకొచ్చారు. వాళ్లొచ్చేసరికే అది అక్కడుంది, తండ్రి తల ఒళ్లో పెట్టుకుని. కాళ్లకు చెప్పుల్లేవు."

మేనల్లుడు కళ్లు తుడుచుకున్నాడు. డిటెక్టివ్ నర్సుతో రెండు మాటలు మాట్లాడి వచ్చింది. పడ్డప్పటినుంచి ఇక్కడికి తెచ్చేదాకా డాక్టరు స్పృహలో లేడని, స్పృహ వచ్చాక కూడా కూతురితో అవీ ఇవీ మాట్లాడనివ్వలేదని నర్సు చెప్పింది.

డాక్టరు మంచం మీద పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. మెకానిక్ మీద కేసు అనేసరికి ముఖం చిట్లించి, వాడు మంచి పనివాడండీ అన్నాడు. రోడ్డు మీద టైర్ల గీతలు పడ్డాయట, మలుపు దగ్గర బ్రేకు ఎందుకు అంత గట్టిగా వేశారని డిటెక్టివ్ అడిగింది. ఆయన కళ్లు మూసుకున్నాడు.

"గుర్తులేదు," అన్నాడు. వీళ్లు తలుపు దాకా వచ్చాక మళ్లీ పిలిచాడు. "మా అమ్మాయితో ఒక మాట చెప్పండి. స్కూటర్ మీద ఆ కొండ దారిలో తిరగొద్దని. నా మాట వినదు."

డిటెక్టివ్ తలుపు గొళ్లెం మీద చెయ్యి అలాగే ఉంచి ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత సరేనని బయటికి వచ్చింది. ఇన్నేళ్లలో అత్త ముఖం అంత దిగాలుగా ఉండగా మేనల్లుడు చూడలేదు.

*

పొద్దు వాలేవేళకు అందరూ షెడ్డులో చేరారు. వాహనాల శాఖ అధికారి, ఇన్‌స్పెక్టరు, కూతురు, మేనమామ, కాంపౌండరు. మెకానిక్ ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. బయట వీధిలో జనం మూగారు. మూసిన షట్టర్ల అవతల వాళ్ల గుసగుసలు వినిపిస్తున్నాయి. డిటెక్టివ్ కోరినట్టు జీపును స్టాండ్ల మీద పైకి లేపి, చక్రాలు నేలకు ఆనకుండా వేలాడదీశారు.

"ముందు మైనం సంగతి," అని మొదలుపెట్టిందావిడ. "కమాన్లు బిగించాకే ఈయన మైనం స్ప్రే చేశాడు. ప్రతి బోల్టు తల మీదా అది ఉంది. విరిగినదాని మీద లేదు. అంటే స్ప్రే తర్వాత ఎవరో బోల్టు మార్చారు."

"ఇతనే మార్చుండొచ్చుగా," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఉండొచ్చు. అందుకే రెండోది చూడాలి. కమానుకి రెండు చివర్లుంటాయి. ఒక చివర బోల్టు తీసి ఇంకోటి దూర్చాలంటే రెండో చివర నట్టు కూడా వదులు చేయాలి, లేకపోతే బెజ్జాలు కలవవు. ఆ రెండో చివర విరగలేదు. ఎవరు ఎలా బిగించారో అలాగే ఉంది."

అధికారి అనుమతి తీసుకుని ఆవిడ మెకానిక్ చేతికి పానా ఇచ్చింది. అతను అందుకోవడానికి తటపటాయించాడు. మొదట ముందు కుడి కమాను నట్టు వదులు చేయమంది. నట్టు సడలగానే కమానును పట్టుకున్న ఇనుప లంకె టక్కున కిందికి దూకింది. కాంపౌండరు ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"బండి నేల మీద నిలబడి ఉండగా బిగించింది ఇది. ఇప్పుడు వేలాడదీసేసరికి రబ్బరు మెలిపడి ఉంది. వదలగానే దూకింది. వెనకవి రెండూ ఇంతే చేస్తాయి. ఇప్పుడు ఎడమవైపు వదులు చేయండి."

మెకానిక్ నట్టు తిప్పాడు. లంకె ఉన్నచోటనే ఉంది. ఇంకా తిప్పాడు. అది ఇసుమంతైనా కదల్లేదు.

మెకానిక్ పానా నేల మీద పెట్టాడు. "ఇది నేను బిగించలేదు," అన్నాడు. అని, తను అన్న మాట తనే నమ్మలేనట్టు మళ్లీ అన్నాడు. "ఇది జాకీ మీద బిగించింది. నేను కాదు."

అధికారి వంగి తనే చేత్తో కదిపి చూసి తలూపాడు. మెకానిక్ చంటిపిల్లాడిలా ఏడవడం మొదలుపెట్టాడు. ఎవరూ ఆపలేదు.

"మరి ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డిటెక్టివ్ గొంతు తగ్గించింది. పాత బోల్టు దొరకాలంటే డాక్టరు ఇంటి వెనక గదిలోకి వెళ్లాలి. సంచి అక్కడికి రాలేదని ఒకరు చెప్పారు. కానీ అది కూర్చున్నచోట గచ్చు మీద తుప్పు మరక ఇంకా ఉంది. అంటే వచ్చింది, తర్వాత ఎవరో మాయం చేశారు. కాంపౌండరు కాదు. జాకీ మీద బిగించకూడదని దగ్గర కూర్చుని మరీ విన్న మనిషి ఆ తప్పు చేయడు. మేనమామ కాదు. అందరికన్నా విలువైన ఆవు ప్రాణం మీదికొచ్చినప్పుడు, తను పాడుచేసిన బండిలోనే డాక్టరును రమ్మని ఎవరూ పిలవరు.

"ఇది చేసిన మనిషికి పానా పట్టడం బాగా వచ్చు," అందావిడ. "కానీ నేర్చుకున్నది పాత కమాన్ల మీద, ఇత్తడి బుష్షుల మీద. వాటిని జాకీ మీదే బిగించేస్తారు. చిన్నప్పుడు వాళ్ల నాన్న అలాగే నేర్పాడు. కొత్తవాటికి పద్ధతి మారిందని ఆ మనిషికి చెప్పినవాళ్లు లేరు."

అందరి కళ్లూ కూతురు వైపు తిరిగాయి. మేనల్లుడికి తల కొట్టేసినట్టయింది. ఆసుపత్రిలో తనని ఏడిపించిన మేనమామ మాటలో ఏముందో అప్పుడు తట్టింది. చప్పుడు విని పరిగెత్తినవాళ్ల కంటే ముందే ఆమె అక్కడ ఉంది.

కూతురు బుకాయించలేదు. నిలబడ్డచోటే నిలబడి, గోడకేసి చూస్తూ చెప్పింది.

"నాన్న పగలు బండి తీసేముందు ఎప్పుడూ వంగి కింద చూస్తాడు. కొత్తవాటి మధ్య తుప్పు బోల్టు కనిపిస్తే మెకానిక్ మోసం చేశాడనుకుంటాడు. ఇక ఆ జీపు ముట్టుకోడు. అంతే అనుకున్నాను. చూడగానే తెలియాలని అన్నిటికన్నా పాడైపోయిన బోల్టు ఏరి వేశాను. చీకట్లో ఫోన్ వచ్చింది. హడావుడిలో చూసుకోకుండానే వెళ్లిపోయాడు. జీపు చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. ఫోన్ చేశాను. బండి నడుపుతుంటే ఎత్తడు. స్కూటర్ వేసుకుని వెంటపడ్డాను. మలుపు దగ్గర అందుకుని ఆగమని చెయ్యి ఊపాను. నా కళ్ల ముందే పడిపోయింది."

"ఆయన నిన్ను చూశాడమ్మా," అంది డిటెక్టివ్.

కూతురు అప్పుడు మొదటిసారి తల తిప్పింది. "చూశాడా?"

"అద్దంలో నువ్వు చెయ్యి ఊపడం చూసే బ్రేకు వేశాడు. ఆ దెబ్బకే బోల్టు విరిగింది. నువ్వు స్కూటర్ మీద కొండెక్కావని ఆయనకి తెలుసు, అలా తిరగొద్దని నీకు చెప్పమన్నాడు. స్పృహ పోయాక తెలిసే వీల్లేదు. బోల్టు సంగతి మాత్రం తెలియదు. నిన్ను చూసి ఆగబోయి పడ్డానంటే నువ్వు జన్మంతా కుమిలిపోతావని ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాడు."

కూతురు నేల మీద కూలబడిపోయింది. మేనమామ పట్టుకోబోతే వద్దని చేత్తో తోసేసింది. కొంతసేపటికి లేచి, మెకానిక్ ముందుకు వచ్చి క్షమించమంది.

మెకానిక్ ముఖం తుడుచుకున్నాడు. అతని కళ్లలో జాలి ఉంది, కోపమూ ఉంది. రెంటిలో ఏదీ అతను దాచుకోలేదు.

"మీ నాన్న మీద ప్రేమతో చేశారు. అది నాకు అర్థమైంది," అన్నాడు. "కానీ నేను దొంగనని మీ నాన్న అనుకోవాలని చేశారు. తర్వాత నన్ను జైల్లో పెట్టాలని చూశారు. నన్ను అన్నది వీధిలో కదమ్మా. ఈ మాట నాకు లోపల వద్దు."

ఇన్‌స్పెక్టరు ఏదో అనబోతే డిటెక్టివ్ వారించింది. కూతురే వెళ్లి షట్టరు పైకి లేపింది. బయట జనం గుసగుసలు ఆపేశారు. ఆమె తరగతిలో మాట్లాడినట్టు, చివరున్నవాళ్లకు కూడా వినపడేలా చెప్పింది. బోల్టు మార్చింది నేను. ఈయన తప్పేమీ లేదు. తెలిసీ ఈయన్ని హంతకుడన్నాను. మధ్యలో ఒకసారి ఆగి, మళ్లీ మొదటినుంచి చెప్పింది.

షెడ్డు పక్కనే ఉన్న మెకానిక్ ఇంటి తలుపు తెరుచుకుంది. అతని భార్య గడప దాటి వచ్చి, జనంలోంచి దారి చేసుకుంటూ భర్త పక్కకు చేరింది. కూతురి వైపు ఒకసారి చూసింది, తిట్టలేదు, పలకరించనూ లేదు.

పోలీసు జీపు ఎక్కబోతూ కూతురు ఇన్‌స్పెక్టరును ఒకటే అడిగింది. స్టేషనుకి పోయేముందు ఆసుపత్రికి తీసుకెళ్లమంది. ఇంకెవరైనా చెప్పేలోపు నాన్నకి నేనే చెప్పాలి అంది. ఇన్‌స్పెక్టరు డిటెక్టివ్ వైపు చూశాడు. ఆవిడ తలూపింది.

బండి మలుపు తిరిగేదాకా మేనల్లుడు చూస్తూ నిలబడ్డాడు. కేసు గెలిచిన సంతోషం ఎంత వెతుక్కున్నా అతనికి దొరకలేదు.

"ఆ మనిషి తట్టుకుంటాడా అత్తా?" అని అడిగాడు.

"తెలియదురా," అంది డిటెక్టివ్. "కూతురు బాధపడుతుందని అంత చిన్న నిజం దాచుకున్నాడు. ఇప్పుడు ఆ పిల్ల ఇంత పెద్దది పట్టుకుని ఆ గదిలోకి వెళ్తోంది."

ఇద్దరూ నడక మొదలుపెట్టారు.